పేరు చెప్పకుండా వెళ్లిపోయిన జనరేటర్ అన్నకు

మొన్న శనివారం రాత్రి పలమనేరు అవతల, కౌండిన్య అడవి అంచున ఒక పల్లెలో సినిమా తెర కట్టాం. పక్క మూడు ఊళ్ల జనం చాపలు, దుప్పట్లతో వచ్చారు. అక్కడ సగం ఇళ్లలో తెలుగు, సగం ఇళ్లలో తమిళం. తెర ముందు కూర్చుంటే మాత్రం నవ్వు ఒకటే.

సరిగ్గా సగం బొమ్మకి జనరేటర్ ఆగింది. ఎంత లాగినా స్టార్ట్ కాలేదు. పిల్లలు ఈలలు, పెద్దవాళ్లు ఏనుగులొచ్చే వేళయిందని గొణుగుడు.

అప్పుడొచ్చారు మీరు, జాతర సామాను వేసుకుని తిరిగిపోతున్న షామియానా బండిలో. "ఏం సామీ, బొమ్మ నిల్చిపొయ్యిందా?" అంటూ దిగి, ప్లగ్గు ఊడదీసి, మసి గరుకు కాగితంతో గీకి, రెండు లాగుల్లో ఆడించారు. డబ్బులిస్తే తీసుకోలేదు. చివరిదాకా నిలబడే చూశారు, బీడీ కూడా వెలిగించకుండా.

1914లో మద్రాసులో గెయిటీ సినిమా హాలు కట్టకముందు, తెలుగు సినిమా పితామహుడు రఘుపతి వెంకయ్య గారూ ఇలాగే ఊరూరా డేరా వేసి బొమ్మలు చూపించారు. ఆయనకీ మీలాంటివాళ్లు తగిలే ఉంటారు.

అన్నా, మీ స్పానర్ మా దగ్గరే ఉండిపోయింది. వచ్చే నెల బైరెడ్డిపల్లె వైపు తెర కడుతున్నాం, వచ్చి తీసుకోండి.