తాడిచెట్టు పొట్టిదైపోయింది మావా

విజయవాడ
జనవరి 20

ఒరే మావా,

ఎలా ఉన్నావు? చెల్లెమ్మ, పాప కులాసానా? మొన్న ఫోన్లో "సంక్రాంతి బొమ్మల కొలువులో ఆ చెట్లు ఎక్కడ కొన్నావురా" అని అడిగావు. నేను నోరు తెరిచేలోపే సిగ్నల్ పోయింది. మళ్లీ ఫోన్ చేసి చెప్పొచ్చు గానీ, ఇది రెండు ముక్కల్లో తేలే వ్యవహారం కాదు. అందుకే కాగితం తీశాను. టీ పెట్టుకుని కూర్చో.

కొనలేదురా. ఒక్క తాడిచెట్టు మాత్రం కొండపల్లి బొమ్మ. కల్లు గీసేవాడు నడుముకి మోకు కట్టుకుని ఎక్కుతుంటాడు చూడు, అది. నా పెళ్లికి ముందు నుంచీ అమ్మ ట్రంకు పెట్టెలో ఉంది. మిగతా ఇరవై నాలుగు చెట్లూ నా చేతి పనే.

నిరుడు కొన్న మాట నిజం. ఒక ప్యాకెట్ తెచ్చా, ప్లాస్టిక్ చెట్లు. విప్పి చూస్తే సగం మంచు కొండల మీద పెరిగే కోసు చెట్లు, సగం పుల్లకి లడ్డూ గుచ్చినట్టున్నవి. వాటి కింద కొండపల్లి ఎడ్లబండి పెడితే ఎడ్లు ఫారిన్ టూరుకి బయల్దేరినట్టుంది. అమ్మ కళ్లజోడు సవరించుకుని, "ఇవి ఏ ఊరి చెట్లురా?" అంది. అంతే, నాకు పట్టుకుంది. ఈ ఏడు దసరా అయినప్పటి నుంచీ మొదలుపెట్టా.

మొట్టమొదట తలనొప్పి కొలతలతో. నువ్వు పోయిన వేసవిలో మదురోడం, అదే మీ నెదర్లాండ్స్‌లోని చిన్న నమూనాల ఊరు, వెళ్లి ఫొటోలు పంపావు కదా, అవి మళ్లీ తీసి చూశా. వాళ్లది 1:25 లెక్క. మనిషి, ఇల్లు, రైలు, అన్నీ ఇరవై అయిదో వంతు. 1952లో తెరిచిన దగ్గర్నుంచీ అదే లెక్క. చెట్లు కూడా నిజం చెట్లనే కత్తిరిస్తూ పొట్టిగా పెంచుతున్నారు. చూడ్డానికి ముచ్చటే. కానీ మన కొలువులో ఆ పప్పులుడకవు. మన దగ్గర వినాయకుడు బస్సు కంటే పెద్దగా ఉంటాడు, శెట్టిగారి కంటే పక్కనున్న శెట్టెమ్మ ఎత్తుగా ఉంటుంది, ఎవరూ ఏమీ అనుకోరు.

అయినా కాగితం మీద లెక్క వేశా. మా పల్లె బొమ్మలు నాలుగంగుళాలు. అంటే మనిషిలో పదహారో వంతు అనుకో. తాడిచెట్టు అరవై అడుగులుంటే పదహారో వంతు ఎంత? నలభై అయిదు అంగుళాలు! దాదాపు నాలుగడుగులు. మా కొలువులో మెట్టుకీ మెట్టుకీ మధ్య పది అంగుళాలు. చెట్టు కింది మెట్టు మీద మొదలై దశావతారాల్ని దాటి పైమెట్టు మీది కలశానికి తగులుతుంది. అందుకని లెక్క పక్కన పడేసి కొండపల్లి వాళ్ల దారే పట్టా. వాళ్ల తాడిచెట్టు చూడు, ఎక్కేవాడికి నాలుగింతలు కూడా ఉండదు. అయినా అది తాడిచెట్టే అని చంటిపిల్లాడు కూడా చెబుతాడు. ఎందుకంటే మాను నిటారుగా ఉంది, తల గుండ్రంగా ఉంది, మట్టలు విసనకర్రల్లా ఉన్నాయి. ఎత్తు తగ్గించినా పోలిక పోలేదు. నేను పట్టుకున్న కిటుకు అదొక్కటే మావా. ఎంత పొడుగు అని కాదు, ఎలా నిలబడుతుంది అని చూడాలి.

దాంతో రోజూ పొద్దున్న వాకింగ్‌కి వెళ్లి చెట్ల కింద నిలబడటం మొదలుపెట్టా. కాలవ గట్టు మీద ఒకాయన "ఏం సార్, చెట్టు కొట్టిస్తున్నారా?" అని అడిగాడు కూడా.

వేపచెట్టు ఎలా చేశానో చెబుతా, అది వస్తే మిగతావన్నీ వచ్చినట్టే. సెంట్రింగ్ పనివాళ్లు ఊచలు కట్టే బైండింగ్ వైరు ఉంటుంది కదా, అది జానెడు ముక్కలు ఇరవై తీసుకో. అన్నీ కలిపి సగం దాకా తాడులా మెలితిప్పు. అది మాను. అడుగున నాలుగైదు తీగలు విప్పి బల్ల మీద పరుచు, అవి వేళ్లు, చెట్టు పడిపోకుండా పట్టుకుంటాయి. పైన తీగల్ని అయిదేసి చొప్పున విడదీసి నాలుగు కొమ్మలు తిప్పు, వాటిని మళ్లీ రెండు, మూడుగా చీల్చు, చివరికి ఒంటి తీగలు మిగలాలి. ఇప్పుడు రంపపు పొట్టు ఫెవికాల్‌తో కలిపి ముద్ద చేసి మానుకి పట్టించు. కొండపల్లిలో బొమ్మల కాళ్లూ చేతులూ అతికేది కూడా ఇలాంటి దాంతోనే. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి ముద్ద చేస్తారు, మక్కు అంటారు. నాకు చింతగింజలు ఉడకబెట్టే ఓపిక లేక ఫెవికాల్‌తో సరిపెట్టా. సగం ఆరాక దువ్వెన పళ్లతో నిలువుగా గీస్తే బెరడు వచ్చేస్తుంది.

ఆకులకి ఏం వాడానో ఊహించు. బీరకాయ పీచు! ముదిరి ఎండిన కాయ పీచుని వేళ్లతో పల్చగా చీల్చి, ఆకుపచ్చ పోస్టర్ కలర్ నీళ్లలో ముంచి ఆరబెట్టా. కొమ్మలకి అతికించి, దాని మీద ఫెవికాల్ నీళ్లు చిలకరించి, స్పాంజి పొడి చల్లా. మీ దగ్గర బీరకాయ దొరక్కపోయినా ఒళ్లు రుద్దుకునే పీచు దొరుకుతుందిగా, అదే చాలు. స్పాంజి పొడి అంటే పాత కుషన్‌లో నురగ ముక్కలు నీళ్లు పోసి మిక్సీలో తిప్పడమే. నీళ్లు లేకుండా తిప్పితే బ్లేడుకి చుట్టుకుపోతుంది. ఇది నాకెలా తెలుసో అడక్కు. మీ చెల్లెలు రెండు రోజులు మాట్లాడలేదు. కొత్త జార్ కొనిచ్చాక మాట్లాడింది.

రంగు దగ్గర ఒక్క జాగ్రత్త. ఒకే ఆకుపచ్చ వేయకు, బొమ్మ అని వెంటనే పట్టేస్తారు. నేను స్పాంజి పొడి మూడు డబ్బాలు చేశా. ముదురాకుపచ్చ, పసుపు కలిసిన లేత పచ్చ, కాస్త గోధుమ రంగు. ముదురుది కింద, లేతది పైన, ఎండ పడ్డట్టు. వెనక వరసలో చెట్లు చిన్నవి చేసి, రంగులో కాస్త తెలుపూ నీలమూ కలిపితే దూరంగా ఉన్నట్టు కనిపిస్తాయి. అడుగున్నర వెడల్పు బల్ల మీద ఊరు ఫర్లాంగు దూరం పోయినట్టుంది, నిజం.

కొబ్బరిచెట్టు సులువు. లావు తీగని కాస్త వంచి పురికొస చుట్టుకుంటూ పో, మాను మీది గీతలు వాటంతటవే వస్తాయి. అరటికి ఆకుపచ్చ క్రేప్ కాగితం, ఆకుల అంచులు మాత్రం గాలికి చినిగినట్టు కత్తిరించాలి. చినగని అరటాకు పెళ్లి పందిట్లోనే బాగుంటుంది. మర్రికి గోనె సంచి నార పీకి ఊడలు దించా. తుమ్మకి ఆకు తక్కువ, ముల్లు ఎక్కువ, పైన గొడుగులా బల్లపరుపు.

నన్ను ఏడిపించింది తాడిచెట్టు. అమ్మ బొమ్మకి జతగా ఇంకో మూడు చేద్దామని కూర్చున్నా. దళసరి కాగితం గుండ్రంగా కోసి, విసనకర్రలా మడతలు పెట్టి, అంచులు మొనలు తీరేలా కత్తిరించి, ఒక్కో చెట్టుకి పదిహేను ఆకులు గుచ్చా. అయినా తాడిచెట్టులా లేదు, పెళ్లి డెకరేషన్‌లా ఉంది. మళ్లీ కాలవ గట్టుకెళ్లి చూస్తే అప్పుడు తెలిసింది. నిజం చెట్టుకి పచ్చమట్టల కింద ఎండుమట్టలు వేలాడుతుంటాయి! కింది అయిదు ఆకులకి గోధుమరంగు పూసి కిందికి వంచా. ప్రాణం వచ్చింది.

చెట్ల సంగతి అయింది, నేల గురించి చెప్పాలి. నాకు తెలిసినవాళ్లంతా పల్లె అనగానే బల్లంతా పచ్చ కార్పెట్ పరిచేస్తారు. సంక్రాంతికి మన ఊరు అలా ఉంటుందా మావా? గుర్తు చేసుకో. కోతలైపోయి మళ్లన్నీ మోళ్లే. ఎండుగడ్డి రంగు. ఆ మోళ్ల మధ్య మినుము మొలక, వరి కోతకి ముందే చల్లేసింది, అప్పుడప్పుడే కమ్ముతూ ఉంటుంది. అందుకని నేను మళ్లకి చీపురుపుల్లలు అర అంగుళం ముక్కలు కోసి వరసగా గుచ్చా. చేతులు వాచిపోయాయి. గట్ల మీద గడ్డివాములు, నిజం గడ్డితోనే. పచ్చదనమంతా గట్ల మీదా, కాలవ పక్కనా, దొడ్లలోనే.

ఒక్క మడి మాత్రం అమ్మకి వదిలేశా. ఆవిడది పాత పద్ధతి. పళ్లెంలో మట్టి పోసి ఆవాలు, రాగులు చల్లడం. భోగికి ఆరు రోజుల ముందు చల్లి, రెండు రోజులు తడిగుడ్డ కప్పి ఉంచింది. పండగ నాటికి రెండంగుళాలు లేచాయి. ఆవ మొలక గుబురుగా వస్తుంది, రాగి మొలక సన్నగా వరినారు లాగే ఉంటుంది. కిటికీ వైపు వంగిపోతాయి కాబట్టి పూటకోసారి పళ్లెం తిప్పాలి. మీకు అక్కడ జనవరిలో తొందరగా చీకటి పడుతుంది కదా, ఏడెనిమిది రోజుల ముందే చల్లండి, దీపం కింద పెట్టండి. నీళ్లు ఎక్కువైతే బూజు పడుతుంది.

కొండ కథ కూడా విను. వెనకాల కొండకి థర్మోకోల్ చెక్కి, బజార్లో స్ప్రే డబ్బా తెచ్చి కొట్టా. కళ్ల ముందే కొండ కరిగిపోయింది! ఆ స్ప్రేలో ఉండే ద్రావకం థర్మోకోల్‌ని తినేస్తుందట. చివరికి న్యూస్ పేపర్లు ఉండలు చుట్టి, పాత లుంగీ మైదా జిగురులో ముంచి కప్పా. ఆరాక రాయిలా బిగిసింది. పురుగు పట్టకుండా జిగురులో చిటికెడు మైలుతుత్తం వేశా. అది విషం, మీ ఇంట్లో పాప ఉంది కాబట్టి నువ్వు మాత్రం వేయకు. రంగు బ్రష్‌తో వేసుకో.

చెరువు మామూలే, అద్దం. అంచు కనపడకుండా టీ వడకట్టుతో జల్లించిన ఇసుక చల్లితే చాలు. అయితే కనుమ నాడు పేరంటానికి వచ్చినవాళ్ల పిల్లాడొకడు మొలకల పళ్లెంలో చెంబెడు నీళ్లు పోశాడు. పైరు బాగా పెరగాలని పాపం. పళ్లెం పొంగి, నీళ్లు గట్టు దాటి, ఇసుక రోడ్డు కొట్టుకుపోయి, గడ్డివాములు చెరువులోకి తేలుకుంటూ వచ్చాయి. నేను తల పట్టుకున్నా. అమ్మ తాపీగా లోపలి నుంచి వచ్చి చూసి, "బ్యారేజీ గేట్లు ఎత్తేశార్రా?" అంది. పేరంటాళ్లంతా పగలబడి నవ్వారు. నాకు నవ్వు రావడానికి సాయంత్రం పట్టింది. తీగ చెట్లు మాత్రం ఒక్కటీ పడలేదు, వేళ్లు పరిచిన ఫలితం.

ముక్కనుమ రాత్రి హారతి ఇచ్చి, ఒక బొమ్మని పడుకోబెట్టి కొలువు ఎత్తేశాం. చెట్లన్నీ చెప్పుల డబ్బాల్లో సర్దా. ఒక్కో డబ్బాలో నాలుగు, మధ్యలో పాత న్యూస్ పేపరు. చెప్పడం మరిచా, తాడిచెట్లు పడుకోబెట్టకూడదు, ఆకులు నలుగుతాయి. వాటిని బీరువా మీద నిలబెట్టా. మీ చెల్లెలు బీరువా తలుపు తీసినప్పుడల్లా అవి ఊగుతున్నాయి, ఆవిడ నా వంక చూస్తోంది.

ఏటా కొలువులోకి ఒక్కటైనా కొత్త బొమ్మ రావాలి కదా. వచ్చే వేసవిలో మీరు వచ్చేటప్పుడు ఒక చిన్న గాలిమర పట్టుకురా, నీ ఊళ్లో దొరికేదే, అయిదారు అంగుళాలుంటే చాలు. మనూళ్లో గాలిమర ఏమిటని అమ్మ ఒప్పుకోదేమో అనుకున్నా. అడిగితే ఆవిడ అప్పుడే చోటు కూడా చూసేసింది. మినప చేను గట్టు మీద, రెండో తాడిచెట్టు పక్కన.

నీ
మావ