‘రైతు’ అన్న ఒక్క మాట కింద ఎంతమంది?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఆస్తి ఉన్నవాళ్లకూ చాకిరీ చేసేవాళ్లకూ మధ్య పోరు నడుస్తుందని చెప్పే మార్క్స్ వర్గపోరాట సిద్ధాంతానికి కాలం చెల్లిందని, సమాజాన్నీ సాహిత్యాన్నీ ఆ చూపుతో చూసి మనుషుల మధ్య ద్వేషం పెంచుకున్నామే తప్ప ఒరిగిందేమీ లేదని ఈమధ్య తరచుగా వింటున్నాను. సాహిత్య సభల్లో అంటున్నారు, మా స్టాఫ్ రూములోనూ అంటున్నారు. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా నాన్న కౌలు రైతు. అందుకే ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

పోయిన ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలకు రైతు మీద వ్యాసం రాయమని ఇచ్చాను. దాదాపు అందరూ ‘రైతు దేశానికి వెన్నెముక’ అనే మొదలుపెట్టారు. ఒకమ్మాయి మాత్రం నాలుగు లైన్లు రాసి ఆపేసింది. ‘మా అమ్మ రైతు కాదు. నాట్లకూ కలుపుకూ వెళ్తుంది. మాకు పొలం లేదు’ అని రాసి, కింద పెన్సిల్‌తో చిన్నగా ‘ఇలా రాయొచ్చా సార్?’ అని అడిగింది. రాయొచ్చమ్మా, ఇంకా రాయి అని చెప్పి పుస్తకం తిరిగి ఇచ్చాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. రోజంతా బురదలో నడుం వంచి నారు నాటే మనిషి కూతురికి, తన తల్లి గురించి రాయడానికి అనుమతి కావాలని ఎందుకు అనిపించింది?

మా ఊళ్లో రైతు అంటే ఎవరు? పట్నంలో ఉంటూ ఏడాదికోసారి వచ్చి కౌలు లెక్క చూసుకుని వెళ్లే ఆసామి రైతే. మా నాన్నా రైతే. ఆ అమ్మాయి వాళ్లమ్మ పేరు మాత్రం ఏ లెక్కలోనూ రాదు. పేపర్లో, ఉపన్యాసాల్లో అందరినీ కలిపి అన్నదాత అనేస్తాం. పొలం ఎవరిది, చాకిరీ ఎవరిది, పండింది ఎవరింటికి చేరుతుంది, పోతే ఎవరి నెత్తిన పడుతుంది అని విడదీసి అడగడమే వర్గ దృష్టి చేసే మొదటి పని. ఇందులో ద్వేషం ఎక్కడుందో నాకు అర్థం కాదు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పటికి నాన్న చేసే నాలుగెకరాలూ కోత అయిపోయి పనలు చేలోనే ఉన్నాయి. నీళ్లు తీశాక వెళ్లి పన తిరగేస్తే కంకుల నిండా తెల్లగా మొలకలు. నాన్న ఒక కంకి తుంచి అరచేతిలో నలిపి, వాసన చూసి, పారేయకుండా జేబులో వేసుకున్నాడు. ఆ చొక్కా ఉతికేటప్పుడు అమ్మకు దొరికిందది. ఎకరానికి 22 బస్తాలు కౌలు మాట్లాడుకున్న చేలో ఆ ఏడాది 15 బస్తాలు కూడా రాలేదు. వచ్చినవాటికీ రంగు మారిందని రేటు తగ్గించారు. నష్టపరిహారం జాబితాలో మాత్రం ఆసామి పేరే ఉంది, ఎందుకంటే పాసుపుస్తకం ఆయనది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. పరిహారం వంటివి కౌలు రైతుకు అందేలా 11 నెలల గడువుతో కార్డు ఇస్తారు, దానివల్ల యజమాని హక్కుకు ఏ ఇబ్బందీ రాదని అందులోనే ఉంది. కానీ కార్డు రావాలంటే యజమాని సంతకం పెట్టాలి. మా ఆసామి పెట్టలేదు.

ఆయన చెడ్డవాడు కాదు. మా అక్క పెళ్లికి వచ్చి భోజనం చేసి వెళ్లాడు. నాన్నకు ఒంట్లో బాగాలేకపోతే ఫోన్ చేసి కనుక్కున్నాడు. తుపాను వచ్చిన ఏడాది కౌలులో ఎకరానికి రెండు బస్తాలు వదిలేశాడు కూడా. అయినా మిగతా 20 బస్తాలకు నాన్న అప్పు చేసి కట్టాడు. వర్గం అంటే మనిషి గుణం కాదు, మనుషుల మధ్య ఉన్న సంబంధం. ఆ ఆసామి స్థానంలో మా నాన్న ఉన్నా భూమి పోతుందేమోనన్న భయంతో సంతకం పెట్టేవాడు కాదేమో. మంచివాళ్లు ఉంటే అన్నీ సర్దుకుంటాయని నమ్మేవాళ్లు ఈ విషయం ఒక్కసారి ఆలోచించాలి.

వర్గాలను మార్క్స్ పుట్టించాడన్నట్టు మాట్లాడతారు. 1852లో వైడెమయర్ అనే మిత్రుడికి రాసిన ఉత్తరంలో, వర్గాలున్నాయనీ వాటి మధ్య పోరాటం ఉందనీ కనిపెట్టిన ఘనత తనది కాదని, తనకన్నా ముందే బూర్జువా చరిత్రకారులు, అంటే ఆస్తిపరుల పక్షపు చరిత్రకారులు, చెప్పారని మార్క్సే రాశాడు. పోరాటం సిద్ధాంతంతో రాలేదు. కౌలు బస్తా దగ్గర, కూలి డబ్బుల దగ్గర అది రోజూ ఉన్నదే.

ప్రభుత్వాల పథకాలు చూడండి. కేంద్రం 2019లో తెచ్చిన పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు భూమి ఉన్న కుటుంబాలకే. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు ఎకరాల లెక్కన పట్టాదారుకే అందింది, రైతుబీమా కూడా పట్టా ఉన్నవాళ్లకే. సాగు చేసి చనిపోయిన మనిషి పట్టాదారు కాకపోతే ఆ ఇంటికి బీమా లేదు. అన్నీ రైతు పేరు మీదే నడుస్తాయి.

ఈ చూపును మా ఇంటి మీదకు కూడా తిప్పాలి, లేకపోతే నేను నిజం చెప్పినట్టు కాదు. నాట్ల ముఠా ఆడవాళ్లతో నాన్న ఎకరానికి రెండొందల దగ్గర గంటసేపు బేరమాడటం నేను చూశాను. ఆ అమ్మాయి వాళ్లమ్మ మా చేలోనూ నాటింది. ఆసామి దగ్గర నలిగిన మనిషే కూలీ దగ్గర గట్టిగా నిలబడతాడు. మగకూలీకి ఇచ్చినంత ఆడకూలీకి ఇవ్వడు. 1985 జులైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో భూమి ఉన్న పైకులంవాళ్లు మాదిగలను చంపినప్పుడు, ఇది కూలీలకూ భూస్వాములకూ మధ్య గొడవ అని మాత్రమే చెబితే సరిపోదని దళితులు నిలదీశారు. వాళ్లు అడిగింది న్యాయం. కులం శ్రమను విభజించడమే కాదు, శ్రమించేవాళ్లనే విభజిస్తుందని అంబేద్కర్ 1936లోనే చెప్పాడు. ఆ మాట చెవిన పెట్టకపోవడం వర్గం పేరుతో పనిచేసినవాళ్ల పెద్ద తప్పు. కానీ చూపు చాలలేదని అన్నవాళ్లు వేరు, అసలు చూడొద్దని చెప్పేవాళ్లు వేరు. వీళ్లిద్దరినీ ఒక గాటన కట్టకూడదు.

ఇక సాహిత్యం. నినాదాన్ని లైన్లుగా విరిచి కవిత్వం అన్నవాళ్లు ఉన్నారు, కాదనను. అది చేతకాని కవిత్వం, దానికి సిద్ధాంతాన్ని తప్పుపట్టి లాభం లేదు. ఫ్రెంచ్ నవలాకారుడు బాల్జాక్ రాజరికాన్ని నమ్మిన మనిషి. అయినా చరిత్రకారులూ అర్థశాస్త్రవేత్తలూ అందరి దగ్గరా నేర్చుకున్నదానికన్నా ఆయన దగ్గరే ఎక్కువ నేర్చుకున్నానని మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ 1888లో ఒక ఉత్తరంలో రాశాడు. రచయిత ఏ పార్టీ అని ఎంగెల్స్ చూడలేదు, కథలో మనుషులు ఎక్కడ నిలబడి ఉన్నారో చూశాడు.

మన ‘మాలపల్లి’నే తీసుకోండి. ఉన్నవ లక్ష్మీనారాయణ రాయవెల్లూరు జైల్లో రాసిన ఆ నవల 1922లో వచ్చింది, బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. మాకు కాలేజీలో దాన్ని హరిజనోద్ధరణ నవలగా చెప్పి వదిలేశారు. అందులో ఆసామి చౌదరయ్య కొడుకు రామానాయుడు, మాలపల్లి సంగదాసు ప్రాణస్నేహితులు. ఆ స్నేహం నిజమైనదే. అయినా కూలీల తరఫున నిలబడ్డ సంగదాసు చౌదరయ్య దెబ్బకే చనిపోతాడు. అంత స్నేహం కూడా అతన్ని ఎందుకు కాపాడలేకపోయిందని పిల్లల్ని అడిగితే జవాబు వాళ్లే వెతుక్కుంటారు. మా బడిలో అడిగాను, పీరియడ్ అయిపోయినా లేవలేదు.

మీ పత్రికకు నాదొక విన్నపం. వచ్చే సీజన్‌లో పంట నష్టం వార్త రాసేటప్పుడు రైతులు నష్టపోయారని మాత్రమే రాయకండి. ఆ పొలం సొంతమా కౌలా, కౌలయితే ఎన్ని బస్తాలు, పరిహారం ఎవరి ఖాతాలో పడింది, కోత ఆగిపోయి ఎంతమంది కూలీలకు ఎన్ని రోజులు పని పోయింది అని మీ విలేకరులు గట్టు మీద నిలబడి అడిగి రాయాలి. సాహిత్యం పేజీలో కూడా కౌలు రైతుల మీద, నాట్లకు వెళ్లే ఆడవాళ్ల మీద కథలు రాయమని రచయితలను పిలవండి. మా పిల్లల చేత నేను చదివిస్తాను.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు,
బాపట్ల జిల్లా