మా కుర్చీలో మెడ విరవడం మానేశాను

సంపాదకుల గారికి నమస్కారం.

మీ పేపరు మా షాపుకి పొద్దున్నే వస్తుంది గానీ నాకు దొరికేది మధ్యాహ్నం, గిరాకీ తగ్గాక. అప్పటికి పాతికమంది చేతులు మారి, సినిమా పేజీ ఒక కుర్చీలో, జిల్లా పేజీ ఇంకో కుర్చీలో ఉంటాయి. ఆ మధ్య మీ ఆరోగ్యం పేజీలో నిద్రలో మెడ పట్టేస్తే ఏం చేయాలో రాశారు. బాగానే ఉంది, ఒక్క సంగతి వదిలేశారు. మన ఊళ్లలో మెడ పట్టేసినవాడు ముందు వెళ్లేది డాక్టరు దగ్గరికి కాదు, మా దగ్గరికి.

నాది తెనాలిలో స్టేషనుకి దగ్గర్లో రెండు కుర్చీల సెలూను. మా నాన్న దగ్గర పని నేర్చుకుని ఇరవై ఏడేళ్లయింది. రాత్రంతా రైల్లో కూర్చుని కునికినవాళ్లు, పెళ్లి మండపంలో జంపఖానా మీద పడుకున్నవాళ్లు, టీవీ చూస్తూ సోఫాలోనే నిద్రపోయినవాళ్లు పొద్దున్నే వస్తారు. మెడ తిరగదు కాబట్టి పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తారు. గడ్డం గీయించుకోవడం వంక. "అన్నా, మెడ పట్టేసింది, ఒక్కసారి టక్కుమనిపించు" అన్నదే అసలు పని.

చేసేవాణ్ణి. మా నాన్న కొబ్బరినూనెతో తల మర్దన చేసి, చివర్లో గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి పెట్టి అటొకసారి ఇటొకసారి మెటిక విరిచేవాడు. ఆ చప్పుడు వింటే అవతలివాడికి ప్రాణం లేచొచ్చినట్టు ఉండేది. నేను దానికి ఇరవై రూపాయలు అదనంగా తీసుకునేవాణ్ణి. ఆదివారం ఎనిమిది, పది మెడలు తిరిగేవి.

2019లో ఒక ఆదివారం రైసుమిల్లులో లెక్కలు రాసే ఆయన వచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి. ముందురోజు పెళ్లిలో శాలువా మడిచి తల కింద పెట్టుకుని పడుకున్నాడట. కుడివైపు తిప్పాను, టక్కుమంది. ఎడమవైపు తిప్పాను. లేచి నిలబడి "కళ్లు తిరుగుతున్నాయి" అన్నాడు. గోడ పట్టుకుని కూర్చున్నాడు, అక్కడే వాంతి అయింది. నడిపిస్తే కాళ్లు తడబడుతున్నాయి. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాను. దారి పొడుగునా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. స్కానింగులో ఏమీ పడలేదు. రెండు రోజులు ఉంచి పంపించారు, దేవుడి దయ.

డాక్టరు గారు నన్ను బయటికి పిలిచి తిట్టాల్సినంత తిట్టి, తర్వాత కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. మెడలో ఏడు ఎముకలు ఉంటాయట. వాటి పక్కల్లో ఉన్న రంధ్రాల గుండా చెరొక రక్తనాళం మెదడు వెనక భాగానికి వెళుతుందట. మెడని ఒక్కసారిగా మెలితిప్పితే ఆ నాళం లోపలి పొర చిరిగే ప్రమాదం ఉంది. చిరిగినచోట రక్తం గడ్డకట్టి మెదడులోకి పోతే పక్షవాతమే. అందరికీ అవదు, చాలా అరుదు. ఎవరికి అవుతుందో ముందు తెలియదు, అదే చిక్కు. ఆ టక్ శబ్దం కూడా ఎముక సర్దుకున్న చప్పుడు కాదట. కీలులో ఉండే ద్రవంలోని గాలి బుడగ చేసే చప్పుడట. ఇన్నేళ్లు నేను అమ్మింది గాలి బుడగని!

ఆ తర్వాత పేపర్లలో ఇలాంటి వార్తలు కనపడితే ఆగి చదవడం అలవాటైంది. 2017లోనే ఢిల్లీలో ఒకాయనకి సెలూనులో మెడ విరిచాక ఊపిరి పీల్చుకోవడానికి పనిచేసే నరాలు దెబ్బతిన్నాయి. 2022లో హైదరాబాదులో ఒకామెకి బ్యూటీపార్లర్లో మెడ వెనక్కి వాల్చి తల కడిగించుకుంటుంటే స్ట్రోకు వచ్చింది. 2024లో బళ్లారికి చెందిన ముప్పై ఏళ్ల కుర్రాడికి సెలూనులో తల మర్దన చేసి మెడ తిప్పాక స్ట్రోకు వచ్చింది. మా వృత్తివాళ్ల మీద నింద వేయడానికి ఇవన్నీ చెప్పడం లేదు. మాకు ఎవరూ చెప్పలేదు, అంతే. తాతలు చేశారు, నాన్నలు చేశారు, మేమూ చేశాం.

మరి మెడ పట్టినవాడు ఏం చేయాలి? నాకే పట్టింది పోయిన నెలలో. తిరుపతి నుంచి కూర్చునే సీట్లో వస్తూ కిటికీకి తల ఆనించి నిద్రపోయాను. దిగేసరికి ఎడమవైపు తిరగలేదు. మా పనిలో రోజంతా తల వంచే ఉండాలి. మెడ తిరగని మంగలి చేతికి కత్తి ఇస్తారా ఎవరైనా!

మా ఆవిడ ముందు దిండు తీసుకెళ్లి డాబా మీద ఎండలో పెట్టింది. మెడ పడితే దిండు ఎండబెట్టాలని వాళ్లమ్మ చెప్పిందట. నవ్వాను. తర్వాత ఆ దిండు చేత్తో నొక్కి చూస్తే బూరుగు దూది ఒక మూలకి ఉండకట్టి ఉంది. ఎండకి పొంగి, దులిపాక సమంగా పరుచుకుంది. పెద్దవాళ్ల మాటలో ఎంతో కొంత ఉందేమో మరి.

దొడ్డుప్పు మూకుట్లో వేయించి పాత పంచె గుడ్డలో మూట కట్టి కాపడం పెట్టింది. పదిహేను, ఇరవై నిమిషాలు, పూటకొకసారి. ముందు మోచేతి మీద పెట్టి చూడాలి, వేడి ఎక్కువైతే చర్మం కాలుతుంది. షుగరు ఉన్నవాళ్లకి వేడి సరిగా తెలియకపోవచ్చు, వాళ్లు మరీ జాగ్రత్త. నేను చేసిన తప్పు ఏమిటంటే అమృతాంజనం దట్టంగా రాసుకుని దాని మీద మూట పెట్టించుకున్నాను. భగభగ మండి రాత్రంతా నిద్ర లేదు. (ఆ అమృతాంజనం పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారే ఆంధ్రపత్రిక కూడా పెట్టారని మా షాపుకి వచ్చే ఒక మాస్టారు చెబుతుంటారు. మెడనొప్పి ఉత్తరం పేపరుకి రాయడం అంత వింతేమీ కాదన్నమాట.)

కాపడం కంటే నాకు పనిచేసింది మెడని ఊరికే ఉంచకపోవడం. మొదటి రోజు భయపడి కొయ్యలా కూర్చున్నాను, సాయంత్రానికి ఇంకా బిగిసింది. డాక్టరు గారు అప్పుడు చెప్పిన మాట గుర్తొచ్చింది. నొప్పి మొదలయ్యేదాకా నెమ్మదిగా తిప్పి, అక్కడ ఆగి, మళ్లీ మధ్యకి రావాలి. అయిదారుసార్లు అటు, అయిదారుసార్లు ఇటు, గంటా రెండు గంటలకొకసారి. భుజాలు చెవుల దాకా ఎత్తి వదిలేయాలి. చేత్తో లాగకూడదు, ఇంకొకరితో లాగించుకోకూడదు. వేడినీళ్ల స్నానం చేసిన వెంటనే అయితే ఇంకా సులువుగా తిరిగింది. నొప్పి మరీ ఎక్కువగా ఉన్న రాత్రి ఒక పారాసిటమాల్ వేసుకున్నాను. మెడ పట్టీ జోలికి పోలేదు, రోజుల తరబడి కట్టుకుంటే కండరం బలహీనపడుతుందట. రెండు రోజులు బండి నడపలేదు, పక్కకి చూడలేనివాడు మలుపు తిరిగితే ఏముంది. మూడో రోజుకి సగం, అయిదో రోజుకి పూర్తిగా వదిలింది. కండరం పట్టు మామూలుగా వారం లోపు దానంతట అదే పోయేదే. రెండో రోజు టక్కుమనిపించుకున్నవాడికి మూడో రోజు తగ్గితే ఆ పేరు మాకొచ్చేది!

అయితే ప్రతి మెడ పట్టూ ఒకటి కాదు. జ్వరం, విపరీతమైన తలనొప్పి ఉండి గడ్డం గుండెకి ఆనకపోతే అది దిండు తప్పు కాదు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. చేయి తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, కింద పడ్డాక నొప్పి మొదలైనా, ఛాతీలో బరువుగా ఉండి మెడకీ దవడకీ పాకినా అంతే. ఆ మాటలతో ఎవరైనా కుర్చీ ఎక్కితే కత్తెర కింద పెట్టి ఆటో పిలుస్తున్నాను.

ఇప్పుడు నా గొడవ. నేను మానేశానంటే "ఏంటి బాబాయ్, పెద్దవాడివయ్యావా, చేతుల్లో బలం లేదా" అని నవ్వి నాలుగు షాపుల అవతలికి పోయి విరిపించుకుంటున్నారు. ఆదివారం గిరాకీ కొంత పోయింది. అది నేను భరిస్తాను. వాళ్ల మెడ సంగతేమిటి? నా మాట వాళ్లకి లెక్క లేదు, మీ పేపర్లో అచ్చయితే నమ్ముతారు. సెలూనువాళ్లకి ప్రభుత్వం తరఫున గానీ మా సంఘాల తరఫున గానీ ఒక పూట డాక్టర్లతో చెప్పిస్తే ఇంకా మంచిది. ఖర్చేమీ ఉండదు, మా దగ్గర కుర్చీలున్నాయి.

ఆ రైసుమిల్లు ఆయన ఇప్పటికీ నా దగ్గరే క్రాపు చేయించుకుంటాడు. మెడ దగ్గరికి కత్తెర వచ్చేసరికి మాత్రం రెండు చేతులతో కుర్చీ గట్టిగా పట్టుకుంటాడు.

మీరు ఈ ఉత్తరం వేస్తే ఆ ముక్క కత్తిరించి మా అద్దం పక్కన అంటిస్తాను. 'అరువు రేపు' బోర్డు కింద జాగా ఉంది.

ఇట్లు,
ఒక సెలూను యజమాని,
తెనాలి