ఆప్షన్లు పెట్టేముందు

దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

చిన్నీ,

కరీంనగర్‌లో ఎండలు ఎలా ఉన్నాయి? అమ్మమ్మ మజ్జిగ ఇస్తుంటే వద్దంటున్నావట. తాగు. నాన్న మోకాలి నొప్పి కాస్త నయం. వారమైంది, నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. నిన్న సుధ పిన్ని మాటల మధ్యలో నువ్వు సీయూఈటీ, అదే సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రన్స్, కూడా రాశావని అంది. సరే, దాని సంగతి తర్వాత.

ఎంసెట్ కౌన్సెలింగ్ దగ్గరికొస్తోంది. 2024 నుంచి దాని పేరు ఈఏపీసెట్, ఇంట్లో మాత్రం ఇంకా ఎంసెటే. ఇంటర్ మార్కుల వెయిటేజీ ఇప్పుడు లేదు, ర్యాంకు మొత్తం ఆ ఒక్క పరీక్షదే. మీసేవలో ఇన్‌కమ్ సర్టిఫికెట్ తీసుకున్నాం. కాలేజీ, బ్రాంచి ఆప్షన్లు ఎన్నైనా పెట్టుకోవచ్చు కానీ వరుస ముఖ్యం, పైన పెట్టిందే ముందు చూస్తారు. నెట్ సెంటర్ అబ్బాయికి పాస్‌వర్డ్ ఇవ్వకు. అందరూ సీఎస్‌ఈ అంటున్నారని నువ్వూ అదే పెట్టకు.

మీ మామయ్య రోజుల్లో కౌన్సెలింగ్ అంటే మాసబ్ ట్యాంక్‌కు రావడమే. తాతయ్య ఒరిజినల్స్ సంచీ చంకలో పెట్టుకుని తెల్లారకముందే గేటు దగ్గర నిలబడ్డారు. ర్యాంకుల వారీగా పిలిచేవాళ్ళు. లోపలికెళ్ళాక మిగిలిన సీట్లు చూసి అప్పటికప్పుడే చెప్పాలి. మామయ్యకు సివిల్ అంటే ప్రాణం. బయట కూర్చున్నప్పుడు ఎవరో పెద్దాయన, ఇక ముందంతా ఎలక్ట్రానిక్సే అన్నాడు. తాతయ్య మనసు మారిపోయింది. మామయ్య తలొంచుకుని ఊరుకున్నాడు, ఎలక్ట్రానిక్సే రాసేసుకున్నారు. చదివాడు, ఉద్యోగమూ వచ్చింది. ఇప్పటికీ ఎక్కడైనా ఫ్లైఓవర్ కడుతుంటే అక్కడి నుంచి కదలడు. వాడు ఒక్క మాట అని ఉంటే నేను కాదనేవాణ్ణా అని తాతయ్య చివరిదాకా బాధపడ్డారు.

ఇంతకీ నువ్వు రాసింది గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ కోసమేనా? ఫిజిక్స్ పుస్తకం పట్టుకుంటే నీకు అన్నం కూడా గుర్తుండదు, అందుకే అడుగుతున్నా. అదే అయితే, సీయూఈటీలో స్కోరు వస్తే సరిపోదు. ఫలితాల తర్వాత యూనివర్సిటీ సైట్‌లో మళ్ళీ విడిగా రిజిస్టర్ చేసుకోవాలి. ఆ తేదీ ఎవరూ ఇంటికొచ్చి చెప్పరు, నువ్వే రోజూ చూసుకోవాలి. మంచి ర్యాంకు పెట్టుకుని ఇంజనీరింగ్ వదిలేస్తావా అని నాన్న గట్టిగా అరుస్తారు. ఆయనతో నేను మాట్లాడతాను. ముందు నాకు తెలియాలి కదా తల్లీ. పిన్ని చెబితే వినడం ఏం బాగుంది?

వచ్చేటప్పుడు అమ్మమ్మ దగ్గర మామిడి తాండ్ర తీసుకురా. బస్సులో కిటికీ పక్కన కూర్చో, లేకపోతే నీకు వాంతులు. ఈ ఉత్తరం అందగానే ఫోన్ చేయి, సీయూఈటీ సంగతి నీ నోటితోనే చెప్పు.

మీ అమ్మ