కుట్టే పగడాలకు సరైన చోటు: మన రీఫ్ అక్వేరియం సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో మీలో చాలామంది అడిగింది ఒకటే: టార్చ్, గెలాక్సియా, చాలీస్ లాంటి కుట్టే పగడాలను (తాకినవాటికి విషం దించే సముద్ర జీవులివి) మిగతా పగడాలతో కలిపి ఇంటి ఉప్పునీటి ట్యాంకులో పెంచడం ఎలా అని. అందుకని ఈ ఏడాది కార్యక్రమాలను కార్యవర్గం దాదాపుగా ఈ విషయానికే కేటాయించింది. లైట్ల పోలికలు, ఉప్పు మిక్స్‌ల మీద చర్చలు పక్కన పెట్టాం. ఏడాదంతా చూశాక మేం గట్టిగా చెప్పగలిగేది ఇది: కుట్టే పగడాల దగ్గర వచ్చే తగాదాల్లో ఎక్కువ భాగం చోటు తగాదాలే. నీళ్ల పరీక్షలన్నీ బాగున్నా సరే, చోటు తప్పితే పక్కనున్న పగడం దెబ్బతింటుంది.

రాత్రి పరిశీలనలు

మనం చేసిన పనుల్లో అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది ఇదే. ట్యాంకు లైట్లు ఆరిపోయిన గంటా రెండు గంటల తర్వాత ఎర్ర లైటుతో చూడాలి. ఎర్ర వెలుతురుకు పగడాలు పెద్దగా ముడుచుకోవు. తెల్ల లైటు వేస్తే మాత్రం చూడాల్సింది చూసేలోపే లోపలికి వెళ్లిపోతుంది. సంఘం దగ్గరున్న ఎర్ర లైట్లను సభ్యులు ఒకరి తర్వాత ఒకరు తీసుకెళ్లి, ఏ పగడం ఎంత దూరం సాగిందో స్కేలు గాజుకు ఆనించి రాసుకొచ్చారు.

ఒక సభ్యుడి ట్యాంకులో చూసింది ఇక్కడ చెప్పాలి. ఆయన హ్యామర్ పగడం ఒక వైపు కొన్ని వారాలుగా సరిగా తెరుచుకోవడం లేదు. నీళ్ల పరీక్షలో ఆల్కలినిటీ (క్షారత) 8.5 డీకేహెచ్, కాల్షియం 420 పీపీఎం, ఉష్ణోగ్రత 25 డిగ్రీలు. ఎందులోనూ తేడా లేదు. ఆ రాత్రి చూస్తే, దూరంగా వేరే రాయి మీదున్న గెలాక్సియా అంచు నుంచి దారపు పోగుల్లాంటి సన్నని టెంటకిల్స్ (మీసాల్లాంటి చేతులు) బయటికి వచ్చి ఉన్నాయి. పగలు వాటి జాడే లేదు. ఒంటికి రంగు లేదు, చివర మాత్రం చిన్న తెల్ల బొడిపె. వేవ్‌మేకర్ (నీళ్లలో అలలు పుట్టించే పంపు) తోసినప్పుడల్లా అవి నిలువునా సాగి, హ్యామర్‌లో ముడుచుకున్న ఆ వైపునే తాకి వెనక్కి వస్తున్నాయి. తాకిన చోట కండ పలచబడి, కింద తెల్లటి అస్థిపంజరం అంచు కనబడుతోంది. వేవ్‌మేకర్ దిశ మార్చి, గెలాక్సియాను ట్యాంకు చివర విడి రాయి మీదికి జరిపాక హ్యామర్ నెమ్మదిగా కోలుకుంది.

వీటినే స్వీపర్ టెంటకిల్స్ అంటాం. ఆ తెల్ల బొడిపెలో దంశకణాలు, అంటే కుట్టే కణాలు, దట్టంగా ఉంటాయి. ఒక్కో దంశకణంలో చిన్న కోశం, అందులో విపరీతమైన ఒత్తిడి కింద చుట్టి పెట్టిన గొట్టం లాంటి పోగు. ఏదైనా తాకగానే అది బయటికి దూసుకొచ్చి విషం దించుతుంది. పగడాల దూరపు చుట్టమైన హైడ్రాలో కొలిచినప్పుడు, ఆ పోగు మొదట ఉండే ముల్లు బయటపడటానికి 700 నానోసెకన్లే పట్టింది. అంటే సెకనులో పదిలక్షో వంతు కూడా లేదు. ఒకసారి పేలిన దంశకోశం మళ్లీ పనికిరాదు, కొత్తది తయారు కావాలి. పగడం దీనికి చాలా శక్తి ఖర్చు పెడుతుంది. కదలలేని జీవికి వెలుతురు తగిలే చోటు నిలబెట్టుకోవడం అంత ముఖ్యం మరి.

గమనించాల్సిన విషయం ఇంకొకటి ఉంది. స్వీపర్లు ఎప్పుడూ సిద్ధంగా ఉండవు. పక్క పగడం తగులుతోందని తెలిశాక మామూలు టెంటకిల్సే కొన్ని వారాల్లో స్వీపర్లుగా మారతాయి. కాబట్టి నెల రోజులు పక్కపక్కన ప్రశాంతంగా ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉండకండి. కొత్త పగడం పెట్టాక కనీసం రెండు నెలల పాటు రాత్రిళ్లు చూస్తూ ఉండాలి.

ఎవరికి ఎంత దూరం

సభ్యులు రాసుకొచ్చిన కొలతలు ట్యాంకు ట్యాంకుకూ మారాయి. అందుకే సగటు తీసి మీ ముందు పెట్టడం లేదు. మేం సూచించేది ఇంతే. టార్చ్‌కు అన్ని వైపులా 15 సెంటీమీటర్లు వదలండి. గెలాక్సియాకు 25 నుంచి 30 సెంటీమీటర్లు, అదీ విడి రాయి మీద. హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్ సాధారణంగా ఒకదాన్నొకటి తాకినా సర్దుకుపోతాయి. వాటి పక్కన టార్చ్ పెడితే మాత్రం మామూలుగా టార్చ్‌దే పైచేయి. 2017లో వచ్చిన డీఎన్ఏ అధ్యయనం హ్యామర్‌ను, ఫ్రాగ్‌స్పాన్‌ను యూఫిలియా నుంచి విడదీసి ఫింబ్రియాఫిలియా అనే ప్రజాతిలో చేర్చింది. టార్చ్ యూఫిలియాలోనే ఉండిపోయింది. మన ట్యాంకుల్లో కనబడేదానికి ఇది చక్కగా సరిపోతోంది.

చాలీస్, అకాన్, ఫేవైటిస్ లాంటివాటి పద్ధతి వేరు. వీటిలో కొన్నిటికి స్వీపర్లు కూడా ఉంటాయి గానీ అసలు ఆయుధం పొట్టలో ఉంటుంది. ఆహారాన్ని అరిగించే పోగులను నోటి గుండా, ఒక్కోసారి ఒంటి గోడ గుండా కూడా బయటికి చాపి, పక్కదాని కండను అక్కడికక్కడే జీర్ణం చేసేస్తాయి. దీన్ని 1970లలో జుడిత్ లాంగ్ అనే శాస్త్రవేత్త కరీబియన్ పగడాల మీద వివరంగా పరిశీలించారు. నెమ్మదిగా పెరిగే చిన్న పగడాలు వేగంగా పెరిగే కొమ్మల పగడాలను ఎలా ఆపగలుగుతున్నాయో దానితో తెలిసింది. ఈ పోగులు కొన్ని సెంటీమీటర్ల కన్నా దూరం పోవు. అందుకని చాలీస్‌కు 10 సెంటీమీటర్లు చాలు. కానీ అది పలకలా పక్కకు పెరుగుతుంది కాబట్టి ఆ దూరాన్ని ఈ రోజు అంచు నుంచి కాక, ఏడాది తర్వాత అంచు ఎక్కడుంటుందో అక్కడి నుంచి లెక్కపెట్టుకోండి.

దూరం ఎంత ముఖ్యమో నీటి ప్రవాహపు దిశ అంతే ముఖ్యం. స్వీపర్ ప్రవాహం వెళ్లే వైపు సాగుతుంది. కుట్టే పగడాన్ని ప్రవాహానికి చివర పెడితే దాని కింద తగలడానికి ఎవరూ ఉండరు. వేవ్‌మేకర్లు రెండు వైపుల నుంచి మారి మారి తిరిగే ట్యాంకుల్లో మాత్రం రెండు పక్కలా అంతే జాగా వదలాల్సిందే.

ముట్టుకోకుండానే పోరాడే పగడాల సంగతి కూడా ఒక సమావేశంలో మాట్లాడుకున్నాం. సైనులేరియా, సార్కోఫైటన్ లాంటి లెదర్ పగడాలు నీళ్లలోకి టెర్పీన్ రసాయనాలు వదులుతాయి. వాటితో కలిపి పెంచేవాళ్లు యాక్టివేటెడ్ కార్బన్ వాడుతూ, నెలకోసారైనా మార్చండి.

బ్రౌన్ జెల్లీ

ఈ ఏడాది సభ్యుల నుంచి వచ్చిన అత్యవసర ఫోన్లలో ఎక్కువ ఈ పగడపు జబ్బు గురించే. టార్చ్ తల మీద గోధుమ రంగు జిగురు కనబడితే తెల్లారేదాకా ఆగకండి. ముందు వేవ్‌మేకర్లు ఆపాలి, లేకపోతే ఆ జిగురు ముక్కలు పక్క తలల మీద పడతాయి. సన్నని గొట్టంతో జిగురును బయటికి లాగేసి, పగడాన్ని వేరే తొట్టిలోకి మార్చి, అయోడిన్ డిప్ ఇవ్వండి (అయోడిన్ కలిపిన నీళ్లలో ముంచండి). చెడిన తలను అస్థిపంజరంతో సహా కోసి తీసేస్తే మిగతావి నిలిచే అవకాశం ఉంటుంది. అన్నిసార్లూ నిలవవు. ఇందుకోసమే సంఘం తరఫున చిన్న క్వారంటైన్ ట్యాంకు, హీటర్, పంపు కొని ఉంచాం. అవి ఈ ఏడాది ఖాళీగా ఉన్న రోజులు తక్కువే. రెండో సెట్టు కొనాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది.

మన భద్రత

దీని గురించి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు. టార్చ్, గెలాక్సియా ముంజేతికి తగిలితే దద్దుర్లు వస్తాయి. రుద్దకండి, ఉప్పునీళ్లతో కడగండి. అసలు ప్రమాదం కుట్టని వాటితో ఉంది. పాలిథోవా, కొన్ని జోవాంథిడ్‌లలో (ఇవి పగడాల చుట్టాలైన మెత్తటి జీవులు) పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. 1971లో హవాయిలో దొరికిన పాలిథోవా నుంచి దీన్ని మొదట వేరు చేశారు. అత్యంత తీవ్రమైన విషాల్లో ఇదొకటి, వేడికి కూడా పోదు. పాలిథోవా ఉన్న రాయిని మరిగించడం, వేడినీళ్లు పోసి గీకడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. ఆవిరితో, తుంపరలతో ఇల్లంతా పాకి కుటుంబంలో అందరూ, పెంపుడు జంతువులతో సహా, ఆసుపత్రి పాలైన ఘటనలు పలు దేశాల్లో నమోదయ్యాయి. ఫ్రాగ్‌లు (పెంచడానికి కోసే పగడపు ముక్కలు) కోసేటప్పుడు గ్లవ్స్‌తో పాటు కళ్లజోడు తప్పనిసరి. నోట్లో లోహపు రుచి, ఊపిరి ఆడకపోవడం, జ్వరం, కళ్లు మండటం కనబడితే వెంటనే ఆసుపత్రికి వెళ్లి పాలిటాక్సిన్ పేరు డాక్టరుకు చెప్పండి. ఈ పేరును ఒక కార్డు మీద ముద్రించి సభ్యులందరికీ ఇచ్చాం. ట్యాంకు స్టాండు తలుపు లోపలివైపు అతికించుకోండి.

ఫ్రాగ్ మార్పిడి

గెలాక్సియాను కొత్త సభ్యులకు ఇవ్వకూడదని ఒక ప్రతిపాదన వచ్చింది. చర్చ చాలాసేపు నడిచింది. కార్యవర్గం దానికి ఒప్పుకోలేదు. గెలాక్సియా తట్టుకుని నిలబడే పగడం, అందమైనది, కొత్తవాళ్ల చేతిలో కూడా బాగా పెరుగుతుంది. దానికి కావాల్సింది చోటు. కాబట్టి విడి రాయి సిద్ధం చేసుకున్న ఫొటో చూపించిన వాళ్లకే ఇవ్వాలని తీర్మానించాం. అలాగే గోడలా పెరిగే హ్యామర్‌ను మార్పిడి కోసం కోయవద్దని కోరుతున్నాం. కోత పచ్చి కండ గుండానే పోతుంది కాబట్టి తరచూ కుళ్లిపోతుంది. కొమ్మల రకమైతే కండకు రెండు మూడు సెంటీమీటర్ల కింద ఖాళీ అస్థిపంజరం మీద కోయొచ్చు. రాతి అస్థిపంజరం ఉన్న గట్టి పగడాలన్నీ, ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం అనుబంధం 2 కిందికి వస్తాయి. మార్పిడికి తెచ్చే ప్రతి ఫ్రాగ్ మీదా ఏ సభ్యుడి ట్యాంకులో పెరిగిందో చీటీ ఉండాలి. చీటీ లేనిదాన్ని బల్ల మీదికి తీసుకోం.

జమాఖర్చుల లెక్కలను కోశాధికారి విడిగా జతచేశారు. సభ్యత్వ రుసుములో మార్పు లేదు.

వచ్చే ఏడాది మొదటి సమావేశం సముద్ర ఎనిమోన్ల మీద. అవి నడుస్తాయి కాబట్టి పైన చెప్పిన దూరాలేవీ వాటికి పనికిరావు. అవి నడిచి వెళ్లి చిక్కుకోకుండా వేవ్‌మేకర్లకు గార్డులు బిగించడం ఆ రోజు చేసి చూపిస్తాం. ఎర్ర లైట్లు తీసుకెళ్లినవాళ్లు ఆ సమావేశానికి వచ్చేటప్పుడు వాటితో పాటు మీ రాత్రి కొలతల కాగితాలు కూడా తెచ్చి ఇవ్వగలరు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి