ట్యాబ్‌లో విరిగిన పిన్ను గురించి

చిరంజీవి అమ్మడికి,

నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ట్యాబ్‌లో హెడ్‌ఫోన్ పిన్ను విరిగి కొస లోపలే ఉండిపోయిందని చెబుతున్నప్పుడు నీ గొంతు వణికింది తల్లీ. డబ్బు గురించి గానీ, నేను కోప్పడతానని గానీ దిగులు పడవద్దు. ఫోనులో చెబితే సగం మరిచిపోతావని ఈ కాగితం రాసి, ఫొటో తీసి పంపిస్తున్నాను. పూర్తిగా చదివే వరకు ఆ రంధ్రంలో గుండుసూది గానీ పిన్నీసు గానీ పెట్టకు.

రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసిన రోజుల నుంచీ ఈ పిన్ను నాకు బాగా తెలుసు. దాని లావు 3.5 మిల్లీమీటర్లు. పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీలలో ఆపరేటర్లు గుచ్చి తీసే 6.35 మిల్లీమీటర్ల పెద్ద పిన్నుకు ఇది చిన్న రూపం. నీ దగ్గరున్న మరో ఇయర్‌ఫోన్ పిన్నును వెలుతురులో చూడు. కొసన చిన్న బొడిపె, దాని వెనుక సన్నని మెడ, ఆ తర్వాత లోహపు భాగాలను వేరుచేస్తూ ప్లాస్టిక్ గీతలు కనిపిస్తాయి. పిన్ను పెట్టగానే టక్కుమనేది ఆ మెడను సాకెట్టులోని స్ప్రింగు రేకు పట్టుకున్నప్పుడే. పక్కకు వంగిన పిన్ను చాలాసార్లు ఆ ప్లాస్టిక్ గీత దగ్గరే విరుగుతుంది, మెడను పట్టుకున్న స్ప్రింగు కొసను వదలదు. అందుకే బోర్లించి తట్టినా అది రాలి పడదు. అయస్కాంతం కూడా పనిచేయదు, ఎందుకంటే ఈ పిన్నులను ఎక్కువగా ఇత్తడితో చేస్తారు. కొస అక్కడే ఉండడం వల్ల హెడ్‌ఫోన్ తగిలించే ఉందనుకుని ట్యాబ్ శబ్దాన్ని స్పీకరుకు పంపడం లేదు, స్పీకరు చెడిపోలేదు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే నీ క్లాసులు ఆగవు.

ఇక తీసే పని. ముందుగా నోట్సు, ఫొటోలు వేరేచోట కాపీ చేసుకుని, ట్యాబ్‌ను పూర్తిగా ఆఫ్ చేయి. టార్చి వేసి రంధ్రంలోకి చూడు. విరిగిన ముఖం మీద సన్నని మొన పొడుచుకుని ఉంటే, ఖాళీ బాల్‌పెన్ రీఫిల్ గొట్టాన్ని కొస సమంగా కత్తిరించి, ఆ మొన మీదకు మెల్లగా తొడిగి, కాస్త తిప్పి, బిగిసిందనిపించాక వంకర లేకుండా నిటారుగా వెనక్కు లాగు. స్ప్రింగు వదిలేటప్పుడు చిన్న టక్కు వేలికి తెలుస్తుంది. రీఫిల్ వదులుగా ఉంటే మరో కంపెనీ రీఫిల్ చూడు గానీ లోపలికి మాత్రం నొక్కకు. కొన్ని ట్యాబ్‌లలో సాకెట్టు వెనుక వైపు తెరిచి ఉంటుంది. ముక్క అటు జారి సర్క్యూటు బోర్డు మీద పడితే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

పుల్లకు ఫెవిక్విక్ రాసి అంటించి లాగమని స్నేహితులు చెబుతారు. కొందరికి అలా వచ్చిన మాట నిజమే అయినా, నువ్వు ఆ పని చేయడం నాకు ఇష్టం లేదు. ఆ జిగురు నీళ్లలా పారి సాకెట్టు గోడకు, స్ప్రింగు రేకులకు పట్టిందంటే, తేలికగా రావలసిన ముక్క శాశ్వతంగా అతుక్కుపోతుంది. కాల్చిన సూది సంగతి అసలే వద్దు.

రీఫిల్‌తో రాకపోతే ఆబిడ్స్‌లో ఫోన్లు బాగుచేసే దుకాణాలున్న జగదీశ్ మార్కెట్‌కు స్నేహితురాలిని తోడు తీసుకుని పగటి పూట వెళ్ళు. విప్పకుండా తీయగలరా అని ముందు అడుగు. విప్పాలంటే చాలా ట్యాబ్‌లలో అతికించిన తెరను వేడి చేసి లేపాలి, అక్కడే అద్దం పగిలే భయం ఉంటుంది. కాబట్టి పగిలితే ఎవరు భరిస్తారో, సాకెట్టు విడి భాగమా లేక మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి ఉందా అన్నది ముందే తేల్చుకో. విడి భాగమైతే మార్చడం సులువు, బోర్డుకే ఉంటే పని పెద్దది. ట్యాబ్‌ను అక్కడ వదిలి రావద్దు, పాస్‌వర్డు చెప్పవద్దు. ఈ పనికి వాళ్ళకు దానితో అవసరం లేదు.

పడుకుని ట్యాబ్‌ను పొట్ట మీద నిలబెట్టి చూసేటప్పుడు బరువంతా నిటారు పిన్ను మీదే పడుతుంది. అడ్డంగా తిరిగిన ఎల్ ఆకారపు పిన్ను ఉన్న ఇయర్‌ఫోన్ కొన్నాను, శుక్రవారం హైదరాబాదు వస్తున్న బాబాయి చేతికిచ్చి పంపిస్తున్నాను. రీఫిల్‌తో ప్రయత్నించాక, ముక్క వచ్చినా రాకపోయినా ఆ రాత్రే ఫోను చేయి.

ఇట్లు,
నాన్న