‘అంతా నార్మలే’ అని చెప్పింది నేనే

సంపాదకులకు,

పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో టిఫా స్కాన్ మీద, అంటే 18 నుంచి 22 వారాల మధ్య కడుపులో బిడ్డ అవయవాలన్నీ చూసే అల్ట్రాసౌండ్ మీద వచ్చిన వ్యాసం చదివాను. వివరంగానే రాశారు. ఒక్క వాక్యం మాత్రం మింగుడుపడలేదు. ఈ స్కాన్ నార్మల్‌గా వస్తే బిడ్డకు ఏ లోపమూ లేనట్టేనని, తల్లి నిశ్చింతగా ఉండొచ్చని రాశారు. నేను డాక్టర్ని కాను. పదిహేడేళ్లుగా స్కానింగ్ గదిలో ఓ మూల కంప్యూటర్ ముందు కూర్చుని, డాక్టరుగారు చెబుతూ ఉంటే రిపోర్టులు టైపు చేస్తున్నాను. ‘లేనట్టే’ అని నేను ఏ రిపోర్టులోనూ టైపు చేయలేదు. చేయమని ఏ డాక్టరూ చెప్పలేదు.

మేం టైపు చేసేది ఇలా ఉంటుంది: తల చుట్టుకొలత ఇంత, తొడ ఎముక పొడవు ఇంత, చిన్నమెదడు ఆకారం సరిగా ఉంది, గుండెలో నాలుగు గదులు కనిపించాయి, మూత్రపిండాలు రెండూ ఉన్నాయి, వెన్ను మీద చర్మం మూసుకునే ఉంది, పై పెదవి కలిసే ఉంది. ఇలా సాగి సాగి, చివర్లో ‘ఈ స్కాన్‌లో చెప్పుకోదగ్గ లోపమేదీ కనిపించలేదు’ అని ఒక లైను. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో రెండు లైన్లు. అన్ని లోపాలూ అల్ట్రాసౌండ్‌లో దొరకవనీ, బిడ్డ పడుకున్న తీరు, ఉమ్మనీరు, తల్లి పొట్ట మందం, వీటిని బట్టి కొన్ని సరిగా తెలియకపోవచ్చనీ వాటి అర్థం. ఇన్నేళ్లలో ఆ రెండు లైన్లేమిటని నన్ను అడిగినవాళ్లు ముగ్గురో నలుగురో.

మా ఆడపడుచు కూతురు ఇరవయ్యో వారంలో మా దగ్గరికే స్కాన్‌కు వచ్చింది. బిడ్డ ముఖం లోపలికి తిప్పుకుని ఉంది. కాసేపు నడిచి రమ్మన్నారు. నడిచొచ్చాక ముఖం దొరికింది. పై పెదవి మామూలుగా ఉందని డాక్టరుగారు చెప్పారు, టైపు చేశాను. ప్రింటు తీసి కవర్లో పెట్టి, ఆ పిల్ల మెట్లు దిగకముందే వాళ్లమ్మకు ఫోన్ చేశాను. “అంతా నార్మలే వదినా, ఏం టెన్షన్ పెట్టుకోకు” అన్నాను. రిపోర్టు ఆ మాట అనలేదు. నేనన్నాను.

పాప పుట్టింది. పాలు పడితే ముక్కులోంచి బయటికి వచ్చేశాయి. నోట్లో టార్చి వేసి చూస్తే అంగిలి వెనకభాగం చీలి ఉంది. పెదవి మాత్రం చక్కగా ఉంది. పెదవి చీలితే స్కాన్‌లో చాలావరకు తెలిసిపోతుంది. పెదవి బాగుండి అంగిలి ఒక్కటే చీలిన సందర్భాల్లో ఎక్కువసార్లు దొరకదు. ముఖం ఎముకల నీడ పడుతుంది, నాలుక అడ్డం వస్తుంది. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. కొత్తగా చేరినవాళ్లకు డాక్టరుగారు చెబుతుండగా పదిసార్లయినా వినుంటాను. “మీ మిషను ఏం చూసినట్టు?” అంది వదిన. మిషను చూడగలిగినంతా చూసింది. చూడలేనిదాన్ని కూడా కలిపి హామీ ఇచ్చింది నేను. పదో నెలలో పాపకు ఆపరేషన్ చేశారు, ఇప్పుడు గలగలా మాట్లాడుతోంది. కానీ పుట్టిన మొదటి నాలుగు రోజులు పాలు ఎలా పట్టాలో తెలియక, ఆ పసిది ఆకలితో ఏడ్చిన ఏడుపు మా వదిన ఇప్పటికీ మర్చిపోలేదు.

స్కాన్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఒక రోజు సంగతి చెబుతాను. గుండె నాలుగు గదులూ ముచ్చటగా కనిపిస్తున్నాయి. అక్కడితో సరే అనుకుని వదిలేయొచ్చు. డాక్టరుగారు పొట్ట మీద ఆనించే ప్రోబ్‌ను కొంచెం పైకి వంచి, గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద రక్తనాళాల కోసం వెతికారు. మామూలుగా అవి ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకుని పోతాయి. ఆ బిడ్డలో రైలు పట్టాల్లా పక్కపక్కనే పోతున్నాయి. ఆవిడ చేయి ఆగిపోయింది, కీబోర్డు మీద నా చేతులూ ఆగిపోయాయి. ఇలా రక్తనాళాలు తారుమారైన బిడ్డకు కడుపులో ఉన్నన్నాళ్లూ ఇబ్బంది ఉండదు, ఆక్సిజన్ మాయ ద్వారా తల్లి నుంచి అందుతుంది కాబట్టి. బొడ్డు కోశాకే కష్టం మొదలవుతుంది, కొద్ది గంటల్లోనే ఒళ్లు నీలంగా మారిపోవచ్చు. ముందే తెలిసింది కాబట్టి ఆ తల్లిని పసిపిల్లలకు గుండె ఆపరేషన్లు చేసే చోటే కాన్పుకు పంపారు. బిడ్డ వచ్చేసరికి మందు సిద్ధంగా ఉంది, రెండో వారంలో ఆపరేషన్ అయింది. నాలుగేళ్ల తర్వాత ఆమె రెండో కాన్పు స్కాన్‌కు వస్తూ వాణ్ని వెంట తెచ్చింది. నేను లేచి ప్రింటు తీసుకునేలోపు నా కుర్చీ ఎక్కి గిరగిరా తిప్పాడు.

ఇంకో రకం బాధ కూడా ఉంది. రిపోర్టులో ‘గుండెలో తెల్లచుక్క’ అని చదివి, మెట్ల మీదే ఫోన్లో వెతికి, ఏడ్చుకుంటూ వెనక్కి వచ్చినవాళ్లున్నారు. వేరే తేడాలేవీ లేకుండా ఆ చుక్క ఒక్కటే ఉంటే అది గుండె జబ్బు కాదు. కిడ్నీలో మూత్రం చేరే భాగం ఒకట్రెండు మిల్లీమీటర్లు ఎక్కువున్నా అంతే, చాలామంది పిల్లల్లో దానంతటదే సర్దుకుంటుంది. మళ్లీ ఒకసారి చూపించుకోవాలి, అంతవరకే. ఆ మాట కవరు చేతికిచ్చేటప్పుడే చెబితే సరిపోయేది.

మీ వ్యాసంలో రాయనివి మరి కొన్ని ఉన్నాయి. డౌన్ సిండ్రోమ్ (క్రోమోజోముల తేడా వల్ల వచ్చే సమస్య) ఉన్న పిల్లల్లో చాలామంది టిఫాలో ఏ తేడా లేకుండానే కనిపిస్తారు. అది ఖాయంగా తేలాలంటే ఉమ్మనీరో, మాయలో చిన్న ముక్కో తీసి క్రోమోజోములు చూడాలి. వినికిడి, చూపు, తెలివితేటల గురించి స్కాన్ ఏమీ చెప్పదు. పైగా ఆ 18 నుంచి 22 వారాల మధ్య బాగున్నదంతా చివరిదాకా అలాగే ఉంటుందనీ లేదు. చిన్నపేగు మొదటి భాగం మూసుకుపోయి ఉంటే, పొట్టలో రెండు బుడగల్లా కనిపించే ఆ గుర్తు సాధారణంగా 24వ వారం దాటాకే బయటపడుతుంది. టిఫా బాగుంది కదా అని బిడ్డ ఎదుగుదల చూసే తర్వాతి గ్రోత్ స్కాన్లు మానేసేవాళ్లు ఇది తెలుసుకోవాలి.

కాబట్టి దయచేసి ఆ వాక్యాన్ని సవరించండి. స్కానింగ్ సెంటర్లవాళ్లకూ ఒక మనవి. అడుగున పడి ఉన్న ఆ రెండు లైన్లను పైకి తెచ్చి, పెద్ద అక్షరాల్లో తెలుగులో వేయండి. వెన్నో, గుండో సరిగా కనిపించలేదని రాసినప్పుడు మళ్లీ ఎప్పుడు రావాలో అక్కడే తేదీ వేసి ఇవ్వండి. ‘సరిగా కనిపించలేదు’ అన్నదాన్ని ‘పర్వాలేదు’ అని చదువుకుని వెళ్లి, మళ్లీ రానివాళ్లు నాకు తెలిసే ఉన్నారు.

మా డాక్టరుగారిని అడిగి, ఇప్పుడు కవరు ఇచ్చేటప్పుడు ఆ రెండు లైన్లూ నేనే తెలుగులో చదివి వినిపిస్తున్నాను. మొన్న ఒకాయన అంతా విని, “అయితే నార్మలేనా, కాదా?” అన్నారు. “చూసినంతలో ఏ లోపమూ కనిపించలేదండీ” అన్నాను. ఆయన తలూపి, కవరు తీసుకుని, ఫోన్లో ఇంట్లోవాళ్లకు “అంతా నార్మలేనంట” అని చెప్పుకుంటూ మెట్లు దిగారు.

ఇట్లు,
ఒక స్కానింగ్ సెంటర్ ఉద్యోగిని
(పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి)